జైతూన్‌బీ పేరు మీద

జైతూన్‌బీ చనిపోయిన తర్వాత కూడా మేకపోతు ఆమె మంచం కిందనే పడుకునేది. మదార్‌సాబ్ దాన్ని పెరట్లో కట్టేసి చూశాడు. తాడు లాగి లాగి మెడ దగ్గర వెంట్రుకలు ఊడాయి గాని అది ఊరుకోలేదు. విప్పేశాడు. విప్పగానే నేరుగా ఇంట్లోకి నడిచి, నులక మంచం కింద, ఆమె కాళ్ళు పెట్టుకునే వైపు, మోకాళ్ళు మడుచుకుని కూర్చుంది.

కూర్చోవడం వరకు ఫరవాలేదు. పొద్దు వాలే వేళ, అసర్ నమాజుకూ పొద్దు గుంకగానే చేసే మగ్రిబ్ నమాజుకూ నడుమ, అది ఉన్నట్టుండి తలెత్తేది. చెవులు రెండూ ముందుకు తిప్పేది. లేచి వెళ్ళి వంటింటి గడప ముందు నిలబడేది. జైతూన్‌బీ బతికుండగా ఆ వేళకే నాలుకను అంగిట్లో కొట్టి టక్కు టక్కుమని పిలిచి, బియ్యం కడిగిన నీళ్ళు తాగించేది. ఇప్పుడు పిలిచే మనిషి లేదు. ఎవరూ పిలవకుండానే అలవాటు కొద్దీ వెళ్తున్నదా, పిలిస్తే వెళ్తున్నదా అన్నది మదార్‌సాబ్‌కు తేలలేదు. మొదట్లో తనకేమీ వినిపించలేదు. తర్వాత తర్వాత వినిపించడం మొదలైంది.

ఎవరికీ చెప్పలేదు. చెప్పే అలవాటున్న మనిషి కాదు. దూదేకుల ఇంట పుట్టాడు. బాన్సువాడలో కాలువ వైపు వీధిలో రెండు గదుల పెంకుటిల్లు. విల్లు భుజానేసుకుని వర్ని దిక్కు ఊళ్ళకు పోయి, దూది ఏకి, పరుపులు కుట్టి వచ్చేవాడు. అక్కడ కోస్తా నుంచి వచ్చి కాలువ కింద భూములు చేసుకునే రైతులు పెళ్ళిళ్ళకు కొత్త పరుపులు చేయించేవాళ్ళు. రోజంతా విల్లు మోగుతుంటుంది, ముక్కుకూ నోటికీ గుడ్డ కట్టుకుని ఉంటాడు, ఇక మాటలెక్కడివి. ఇంటికొచ్చినంక కూడా గుడ్డ విప్పని మనిషని జైతూన్‌బీ ఎగతాళి చేసేది. ఇంట్లో మాటలన్నీ ఆమెవే.

ఆ మేకపోతు సోనాబాయి ఇచ్చింది. సోనాబాయిది పిట్లం తోవలో తండా. కట్టెల మోపు అమ్ముకుని తిరిగి పోయేటప్పుడు జైతూన్‌బీ అరుగు మీద కాసేపు కూర్చునేది. ఒకసారి ఆమె మేక రెండు పిల్లల్ని ఈని, ఒకదానికి పాలివ్వలేదు. ఆ ఎండు పుల్లలాంటి పిల్లను కొంగులో వేసుకొచ్చి జైతూన్‌బీ ఒళ్ళో పెట్టింది.

“బతికితె నీది, సస్తె నాది అక్కా,” అంది.

అది బతికింది. పంచెకు అంటుకున్న దూది దులుపుకుంటూ మదార్‌సాబ్ లోపలికి వచ్చేసరికి జైతూన్‌బీ గుడ్డను పాలలో ముంచి దాని నోట్లో పెడుతున్నది. తలెత్తకుండానే చెప్పింది.

“ఇది నా పేరు మీద కుర్బానీకి.”

“పాలే తాగుతలేదు. అప్పుడే కుర్బానీయా?”

“మరెప్పుడు? ఇన్నేండ్ల సంది బక్రీదుకు హిస్సా కడ్తనే ఉన్నం. అన్నీ నీ పేరు మీదనే. ఒక్కపారన్న నా పేరు పిలిచిండ్రా? పైకి పోయినంక నన్నేమని పిలుస్తరు? మదార్‌సాబ్ పెండ్లమా, రాయే అనా? నియ్యత్ చేసిన, మనసుల గట్టిగ అనుకున్న. నోరార జెప్పిన. ఇగ తిరుగులేదు.”

దానికి పేరు మాత్రం పెట్టలేదు. పేరు పెడితే బిడ్డయిపోతుంది, బిడ్డను కొయ్యలేం అనేది. అందుకే ఆ టక్కు టక్కు పిలుపు.

రంజాను దాటినాక ఆమెకు దగ్గు పట్టుకుంది. నిజామాబాదు పెద్ద దవాఖానకు తీసుకుపోయాడు, తీసుకొచ్చాడు. బక్రీదుకు ముందటి నెలలో ఒక పొద్దున, మంచం పక్కన నిలబడ్డ మేకపోతు వైపు చూస్తూ “మర్వకు” అంది. అది మేతను గురించి కాదని ఆయనకు తెలుసు. తల ఊపాడు. ఆమె మాటకు ఆయన ఎప్పుడూ అట్లాగే జవాబిచ్చేవాడు.

తొంభైతొమ్మిదిలో బక్రీదు ఎండలు ముదిరే వేళకు వచ్చింది. కాలువ కింద యాసంగి వరి పాలు పోసుకుంటున్నది. బస్టాండు దగ్గర టైర్లకు పంక్చర్లు వేసే సత్తార్ ఏటా ఏడుగురిని పోగుచేసి ఒక దున్నను తెచ్చేవాడు. పెద్ద జానవరులో ఏడు వాటాలు. ఒక్కొక్క వాటా ఒక్కొక్కరి పేరు మీద కుర్బానీ. సత్తార్ సైకిలు మీద వచ్చి, కాలు నేల మీద ఆనించి అడిగాడు.

“కాకా, ఈపారి పోతును కోస్తవా, హిస్సా ఉంటవా?”

“పోతు ఇంక పండ్లెయ్యలే,” అన్నాడు మదార్‌సాబ్. “హిస్సా ఉంట. మా ఇంటామె పేరు మీద.”

ఏడాది నిండిందని గుర్తుగా మేక కింది దవడకు రెండు పెద్ద పండ్లు వేస్తుంది. అవి చూసే కుర్బానీకి తీసుకుంటారు. ఈ పోతుకు అవి వచ్చి అప్పటికి చాలా రోజులైంది. తుమ్మకాయలు తినిపిస్తూ మదార్‌సాబ్ తన వేలితో తాకి చూసుకున్నాడు. సత్తార్ మాత్రం వంగి చూడలేదు. సరేనని వెళ్ళిపోయాడు.

పండుగనాడు సత్తార్ ఇంటి వెనక దున్నను పడవేసి, తల పడమరకు, ఖిబ్లా వైపు తిప్పారు. మసీదు మౌలానా ఒక్కొక్క పేరూ తండ్రి పేరుతో కలిపి పిలిచాడు. ఆరుగురు మగవాళ్ళ పేర్ల తర్వాత, “జైతూన్‌బీ, బిన్తె హుస్సేన్‌సాబ్” అన్నాడు. మదార్‌సాబ్ ఎన్నడూ భార్యను పేరు పెట్టి పిలిచిన మనిషి కాదు. ‘ఇగో’ అంటే ఆమె పలికేది. అంతమంది మగవాళ్ళ నడుమ, ఎండలో, ఆ పేరు గట్టిగా వినిపిస్తే ఒళ్ళు ఝల్లుమంది. ఆమె అడిగింది అయిపోయింది అనుకున్నాడు. తేలికగా ఇంటికి నడిచాడు.

ఆ సాయంత్రం మేకపోతు తలెత్తింది. చెవులు ముందుకు తిప్పింది. వంటింట్లోంచి టక్కు టక్కుమని ఆయనకు ఎప్పటికంటే దగ్గరగా వినిపించింది.

*

మర్నాడు పొద్దున బస్టాండు ఎదుట చాయ్ హోటల్లో సత్తార్ అందరినీ నవ్విస్తున్నాడు.

“మౌలానా దువా చదువుతుంటె నాకు మొత్తం కబాబులే కనవడ్డయన్నా! మటన్ రేటు జూసినవా? ఈ హిస్సా లేకుంటె మా పోరగాళ్ళు షోర్వ మొఖం గూడ జూడరు. మనదంత కడుపు నియ్యతే!”

బెంచీ మీద వాళ్ళంతా నవ్వారు. మూలన కూర్చున్న దర్జీ వజీర్‌సాబ్ ఒక్కడే నవ్వలేదు. ఆయనదీ ఒక వాటా.

“పరాచికానికి గూడ అట్ల అనకు సత్తార్. ఏడుగుర్ల ఒకని నియ్యత్ ఉట్టి మాంసం మీద ఉంటె ఏడుగురి కుర్బానీ పాయె. కితాబుల్ల ఉన్నది.”

“గిదేందన్నా? నా కడుపు నేను జూసుకుంటె నీదెట్ల పోతది?”

“జానవరు ఒక్కటే గదరా. పానం ఒక్కటే. అందుల సగం అల్లాకు, సగం నీ కుండకు అని కోసి ఇయ్యొస్తదా?”

“అట్లయితె మీరు ఆరుగురు గల్సి నాకు దావత్ ఇయ్యాలె. అప్పుడు జెప్త నా నియ్యత్ ఏందో!”

మళ్ళీ నవ్వులు. మదార్‌సాబ్ సాసరులో పోసుకున్న చాయ్ అట్లాగే బల్ల మీద పెట్టి లేచాడు. జైతూన్‌బీ ఎందుకు ఇంకా పిలుస్తున్నదో ఆయనకు అర్థమైనట్టయింది. వాటా ముట్టలేదు. సత్తార్ కడుపు అడ్డం పడింది.

మసీదులో మౌలానా పిల్లలకు పాఠం చెప్పి పంపేస్తున్నాడు. జహీరాబాదు దిక్కు మనిషి, వయసులో చిన్నవాడు. తెలుగు ఇక్కడికొచ్చాకే నేర్చుకున్నాడు. మదార్‌సాబ్ హోటల్లో విన్నది చెప్పాడు.

“కితాబుల మాట నిజమే చాచా,” అన్నాడు మౌలానా. “ఒక్కరు మాంసం కోసమే కలిస్తె మిగిలినవాళ్ళది గూడ కాదు. కాని సత్తార్ జోక్ చేసిండు. జోక్ మీద ఫైసలా చెయ్యరాదు. దిల్‌లో ఏమున్నదో అల్లాకు ఎరుక. వేరేవాళ్ళ దిల్ మనం తవ్వవద్దు.”

“ఒకవేళ నిజంగనె ఉంటె?”

“రేపు మగ్రిబ్ వరకు టైమ్ ఉన్నది. షక్, అనుమానం ఉన్నవాళ్ళు ఇంకొకటి ఇచ్చుకోవచ్చు. అంత తాకత్ ఉన్నవాళ్ళు.” మౌలానా ఆయన ముఖంలోకి చూశాడు. “మీ హిస్సా మర్హూమా, పోయిన చాచీ పేరు మీద గదా. మంచి పని. ఫికర్ పెట్టుకోకండి. ఇంకేమన్న అడిగేది ఉన్నదా?”

“లేదు,” అన్నాడు మదార్‌సాబ్.

అక్కడి నుంచి ఇంటికి పోకుండా సత్తార్ కొట్టుకు పోయాడు. సత్తార్ గొంతుక్కూర్చుని, నీళ్ళ తొట్టిలో ట్యూబు ముంచి బుడగలు ఎక్కడ వస్తున్నాయో చూస్తున్నాడు.

“సత్తార్. కత్తి పెట్టినప్పుడు నీ మనసుల ఏమున్నది?”

“అరె కాకా! నువ్వు గూడ అగో గా దర్జీ మాట పట్టుకున్నవా? నవ్వుల మాట అది. దూది ఏకి ఏకి నీ బుర్రల గూడ దూది నిండిందా ఏంది?”

“నవ్వులది కాదు. నిజం చెప్పు.”

“నిజమేంది? నాకు నమాజు తెల్వదా, నేను తురకోన్ని కాదా? జుమ్మకు జుమ్మకు నీ పక్కనే నిలవడ్త గద!”

“మాంసమేనా?”

“నీ సొమ్మేం బోయింది కాకా? నీ మాంసం నీకు ముట్టింది గద. తక్కువొచ్చిందా? చెప్పు, నా దాంట్లకెళ్ళి ఇస్త.”

“మా ఇంటామెకు ముట్టలే,” అన్నాడు మదార్‌సాబ్.

సత్తార్ తలెత్తి చూశాడు. నల్లబడ్డ చేతులను తువ్వాలుకు తుడుచుకున్నాడు. 

“కసం కాకా, నిజం చెప్తున్న. హోటల్ల అన్నది నాకు అప్పుడు యాదిల గూడ లేదు. కబాబు లేదు, కుర్బానీ లేదు. నేను ఎనక కాళ్ళు పట్టుకున్న. పోయినేడు తంతే మోకాలు వాసింది. ఈపారి తంతదా అని దాని కాలునే జూసుకుంట ఉన్న. గంతే. ఇగ నాది ఏ నియ్యతో నువ్వే చెప్పు.”

మదార్‌సాబ్ తొట్టిలోని బుడగల వైపు చూశాడు.

“సరే, నన్నడుగుతున్నవ్ గద,” అన్నాడు సత్తార్. “నువ్వేమనుకున్నవ్? మీ ఇంటామె పేరు పిలిచినప్పుడు?”

అది కోపంతో అడిగింది కాదు. మాట కలపడానికి అడిగాడు అంతే. మదార్‌సాబ్ జవాబు కోసం లోపల వెతుక్కున్నాడు. ఎండ, దుమ్ము, మౌలానా గొంతు, జైతూన్‌బీ పేరు, అన్నీ గుర్తున్నాయి. ఆ పేరు వినగానే తన లోపల లేచిన మాట కూడా గుర్తొచ్చింది. అది ‘యా అల్లా కబూల్ చెయ్యి’ కాదు.

‘ఇగ పోతు బతికింది.’ అదీ ఆ మాట.

ట్యూబులోంచి బుడగలు లేస్తూనే ఉన్నాయి. మదార్‌సాబ్ వెనక్కి తిరిగి నడిచాడు. “కాకా! ఏమైందే?” అని సత్తార్ పిలుస్తుంటే చెయ్యి ఊపాడు గాని ఆగలేదు.

*

ఎక్కడెక్కడో తిరిగి పొద్దు వాలేవేళకు ఆయన ఇల్లు చేరేసరికి, ఇంటి ముందు సోనాబాయి కూర్చుని ఉంది. కొంగు మూటలోంచి తుమ్మకాయలు తీసి మేకపోతుకు పెడుతున్నది. అది బయటికి వచ్చి తింటున్నది గాని, కాయ కొరికి కొరికి మధ్యలో ఇంట్లోకి చూస్తున్నది.

“ఏం మదారన్నా, పండుగ పోయింది. ఇది ఇంక ఉన్నదేంది?”

“పండ్లెయ్యలే.”

సోనాబాయి పకపకా నవ్వింది. బొటనవేలితో దాని కింది పెదవి మడిచి పట్టింది. “ఇవేంది మరి? వడ్లగింజలా? నా చేతుల మీద పుట్టినదాని వయసు నాకే జెప్తున్నవా! మొత్తం ఊరికి గిట్లనే జెప్పినవా?”

ఆయన చెప్పులు విడిచి గోడకు చేరబడ్డాడు.

“అక్కకేం జెప్తవ్?” అంది సోనాబాయి. నవ్వు తగ్గింది.

“అక్క లేదు గద.”

“లేదా? మరి ఇదెవల్ని జూస్తున్నది?”

పొద్దు గోడ మీంచి దిగుతున్నది. మేకపోతు నమలడం ఆపింది. కాయ సగం నోట్లో ఉండగానే తలెత్తింది. చెవులు రెండూ ముందుకు తిరిగాయి. ఇంట్లోకి నడిచి, వంటింటి గడప ముందు ఆగి, ఎవరో గిన్నె దించుతారన్నట్టు మూతి కిందికి వంచింది. మదార్‌సాబ్‌కు ఆ చప్పుడు స్పష్టంగా వినిపించింది. రెండుసార్లు. తడి నాలుకతో.

“నీకు వినొస్తుందా సోనాబాయి?”

“నాకెందుకు ఇనొస్తది? నన్ను పిలుస్తలేదు గద ఆమె.” మిగిలిన కాయలన్నీ అరుగు మీద కుమ్మరించి, కొంగు దులుపుకుని లేచింది. ఎప్పుడూ మంచినీళ్ళు అడిగి తాగి పోయేది. ఆరోజు అడగలేదు. వీధి మలుపు తిరిగేదాకా వెనక్కి చూడలేదు.

*

మూడో రోజు మధ్యాహ్నం జుహర్ నమాజు తర్వాత అందరూ వెళ్ళిపోయేదాకా మదార్‌సాబ్ స్తంభం దగ్గర కూర్చున్నాడు. మౌలానా వచ్చి ఎదురుగా కూర్చుంటే ఉన్నదున్నట్టు చెప్పాడు. తల్లి పాలివ్వని పిల్ల సంగతి, జైతూన్‌బీ నోరారా చెప్పిన మాట, ‘మర్వకు’ అన్నది, తను తల ఊపింది, పండ్ల గురించి ఆడిన అబద్ధం. అన్ని మాటలు ఒక్కసారి మాట్లాడటం ఆయనకు అలవాటు లేదు. 

“నిన్న ఎందుకు చెప్పలేదు చాచా?”

“మీరు అడగలే.”

“అడిగిన.”

మదార్‌సాబ్ తల దించుకున్నాడు. అట్లాగే అన్నాడు: “ఆమె వస్తుంది మౌలానా. మగ్రిబ్‌కు ముందు. పిలుస్తుంది.”

“మిమ్మల్నా?”

“పోతును.”

మౌలానా జపమాల పూసలు తిప్పడం ఆపాడు. “చనిపోయినవాళ్ళు అట్ల రారు చాచా. అది మీ దిల్‌లో గుబులు.”

“నాది గుబులే అనుకో. పోతు గూడ వింటున్నది గద. దానికేం గుబులు?”

మౌలానా జపమాలను జేబులో వేసుకున్నాడు. 

“ఇప్పుడు కోస్తనంటె ఎందుకు కోస్తున్ననో నాకే తెల్వదు,” అన్నాడు మదార్‌సాబ్. “ఆ పిలుపు ఆగిపోవాలని కోస్తున్నట్టుంది. అది నా కోసమే అయితది గద. మొన్న దాన్ని బతికించుకోవాలని హిస్సా కట్టిన. అది గూడ నా కోసమే. భయంతోటి చేస్తె కబూల్ అయితదా?”

“ఎవరి భయం? ఆమెదా?” మౌలానా చూపుడువేలు పైకెత్తాడు. “ఆయనదా?”

మదార్‌సాబ్ ఆ వేలినే చూస్తూ ఉండిపోయాడు.

“నేను చెప్పేది కాదు చాచా ఇది. కితాబు చూసి చెప్పేది గూడ కాదు. కొయ్యాలంటె మాత్రం మగ్రిబ్ అజాన్ లోపల. ఆమె చెప్పిపోయిన జానవరు కాబట్టి మీ ఇంట్ల ఒక్క ముక్క ఉంచుకోవద్దు. అంతా పంచాలి.”

ఇంటికొచ్చి మంచం మీద కూర్చున్నాడు. కింద మేకపోతు నెమరు వేస్తున్నది. నులకలోంచి దాని ఒంటి వెచ్చదనం తగులుతున్నది. నియ్యత్ కుదుర్చుకోవాలని చూశాడు. అల్లా కోసం అనుకున్నాడు, దాని వెనకే జైతూన్‌బీ ముఖం వచ్చింది. జైతూన్‌బీ కోసం అనుకున్నాడు, దాని వెనక తన భయం వచ్చింది. భయాన్ని పక్కకు నెడితే సోనాబాయి నవ్వు, ఊళ్ళో ఏమనుకుంటారోనన్నది. దూదిని ఎంత ఏకినా గింజ తాలూకు నలుసు ఎక్కడో మిగిలే ఉంటుంది. నీడలో చూస్తే తెల్లగానే ఉంటుంది. ఎండకెత్తి పట్టుకుంటే కనిపిస్తుంది. ఇన్నేళ్ళలో నలుసు లేని దూది ఆయన చేతికి రాలేదు. అట్లాగని పరుపు కుట్టకుండా ఉన్నదీ లేదు.

లేచి కత్తి తీసి సాన మీద పెట్టాడు.

అసర్ దాటినాక సత్తార్ వచ్చాడు. సైకిలు గోడకు ఆనించి, లోపలికి రాకుండా వాకిట్లోనే నిలబడ్డాడు.

“పోతు కాళ్ళు పట్టెతందుకు వచ్చిన కాకా. మౌలానా చెప్పిండు.”

“నీ పని?”

“కొట్టు బంద్ జేసిన. నిన్న నువ్వు పోయినంక ఇంట్ల బువ్వ ముంగట కూసుంటె ముద్ద దిగలే. ఉన్న మాంసమంత దర్గా కాడ పంచిపెట్టొచ్చిన. మా ఆడది పొద్దుగాల సంది తిడ్తనే ఉన్నది. గా ముసలోని మాట ఇని ఇంట్ల కుండ బోర్లిచ్చినవ్ అని.” నవ్వబోయాడు. నవ్వు రాలేదు.

మేకపోతు మంచం కిందనే ఉంది. సత్తార్ వంగి చెవి పట్టుకోబోయాడు.

“గుంజకు,” అన్నాడు మదార్‌సాబ్.

గడప దగ్గర నిలబడి నాలుకను అంగిట్లో కొట్టాడు. ఆ పిలుపు ఆయన ఎన్నడూ పిలవలేదు. నోరు ఎండిపోయి ఉత్త గాలి వచ్చింది. ఉమ్మి మింగి మళ్ళీ పిలిచాడు. ఈసారి సరిగ్గా వచ్చింది, ఆమె పిలిచినంత సరిగ్గా. మేకపోతు లేచి వచ్చింది. వచ్చి ఆయన ముఖం వైపు చూడలేదు. ఆయన భుజం పక్కగా, వెనక వంటింట్లోకి చూసింది. అక్కడే చూస్తూ నిలబడింది. సత్తార్ కూడా అటు చూశాడు. వెంటనే చూపు తిప్పుకున్నాడు.

పెరట్లో దానికి నీళ్ళు తాగించారు. కత్తి దాని కళ్ళబడకుండా తువ్వాలు కింద పెట్టారు. ఎడమ పక్కకు పడుకోబెట్టి తల ఖిబ్లాకు తిప్పితే అది పెనుగులాడలేదు. సత్తార్ వెనక కాళ్ళు పట్టుకున్నాడు. ఈసారి కాళ్ళను చూడలేదు, కళ్ళు మూసుకున్నాడు.

“పేరు జెప్పు కాకా,” అన్నాడు.

ఆ ఇంట్లో ఆ పేరును మదార్‌సాబ్ నోరు తెరిచి పలకడం అదే మొదలు. “జైతూన్‌బీ,” అన్నాడు.  “జైతూన్‌బీ, బిన్తె హుస్సేన్‌సాబ్.” తర్వాత అల్లా పేరు చెప్పి కత్తి పెట్టాడు.  దూది మీద, గుడ్డ మీద బతికిన చెయ్యి, ఎక్కడ ఆగకూడదో అక్కడ ఆగలేదు.

పొద్దు ఇంకా తాటిచెట్ల మీద ఉంది.

చర్మం తీసి, ముక్కలు చేసి, సంచుల్లో వేసుకుని ఇద్దరూ కాలువ గట్టు వెంట పోయారు. రైస్‌మిల్లు హమాలీల గుడిసెలకు, బస్టాండు దగ్గర అడుక్కునేవాళ్ళకు, ఇద్దరు ముగ్గురు ముసలి ఆడవాళ్ళకు పంచారు. ఎవరిది అని అడిగినవాళ్ళకు సత్తార్ చెప్పబోతే మదార్‌సాబ్ మోచేతితో పొడిచాడు. సంచులు ఖాళీ అయ్యాక కాలువలో చేతులు కడుక్కున్నారు. మసీదు నుంచి అజాన్ మొదలైంది. సత్తార్ ఇక ఆగలేకపోయాడు.

“కాకా, ఇప్పుడేమనుకున్నవ్? కత్తి పెట్టినప్పుడు?”

మదార్‌సాబ్ నీళ్ళ వైపు చూశాడు.  సత్తార్ ఎదురుచూశాడు.

“చెప్ప,” అన్నాడు మదార్‌సాబ్.

సత్తార్ తల ఊపి మసీదు వైపు పరుగెత్తాడు. మదార్‌సాబ్ బట్టల నిండా నెత్తురు. ఆ బట్టలతో నమాజు కుదరదు. ఇంటికి పోయి స్నానం చేసి, ఉతికిన పంచె కట్టుకునేసరికి పడమట ఎరుపు సన్నబడిపోయింది. నమాజు వక్తు దాటిపోయేలా ఉంది. లోపలి గదిలో చాప పరిచాడు. పెరట్లో చడీచప్పుడు లేదు. వంటింట్లోనూ లేదు. మంచం కింద ఏమీ లేదు. ఆ నిశ్శబ్దం కోసం కదా ఇన్నాళ్ళూ కొట్టుకున్నది అనుకున్నాడు. అది వచ్చాక దానిలో నిలబడటం కష్టంగా ఉంది.

చిన్నప్పుడు నేర్పిన ప్రకారం నియ్యత్ మాటలు పెదవులతో మొదలుపెట్టాడు. సగంలో ఆగిపోయాడు. ఆ మాటలు వదిలేసి, ఊరికే చేతులు చెవుల దాకా ఎత్తి కట్టుకున్నాడు.

నమాజు మొదట్లో చదివే ఫాతిహా సగం అయ్యేసరికి వెనక, ఒక వరుస దూరంలో, కొంగు తల మీదికి సర్దుకున్న చప్పుడైంది. ఇంట్లో మగవాడు నమాజు చేస్తుంటే ఆడమనిషి నిలబడే చోటు అది. పాదాలు నేల మీద కుదురుకున్నాయి. తర్వాత ఊపిరి. తనతో పాటు ఎవరో వింటున్నారు.

నమాజులో తల తిప్పకూడదు. మదార్‌సాబ్ తిప్పలేదు. ఆమెకు వినిపించేలా గొంతు కాస్త పెంచాలనిపించింది. ఇంకాస్త మంచిగా, పొడుగ్గా చదవాలనిపించింది. అట్లా చదివితే అది ఆమె కోసం చదివినట్టవుతుంది. పెంచలేదు. ఎట్లా మొదలుపెట్టాడో అదే గొంతుతో చదివి, సజ్దాకు వంగి, నుదురు నేలకు ఆనించాడు.